బోర్డు మీద రాసిన టైము

జమ్మలమడుగులో నా మోటారు వైండింగ్ షాపు పద్నాలుగు నెలలు నడిచింది. డిప్లొమా చదివినవాణ్ణి గనుక దాన్ని కాలేజీ ల్యాబు మాదిరి పెట్టుకున్నాను. స్పానర్లు సైజు వారీగా, రాగి తీగ చుట్టలు గేజి వారీగా, కాలిపోయిన మోటార్లు వచ్చిన వరుసలో. గోడకు ఒక నల్లబోర్డు. రోజూ పొద్దున రాగానే ఆ వారం చేయాల్సిన పనులన్నీ దాని మీద రాసేవాణ్ణి. నాలుగు గళ్ళు: ఊరు, చేను, పని, టైము.

టైము రాయడానికి కారణముంది. చేలకు త్రీఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవాళ్ళు, ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. బోరులో పంపు దించి, కరెంటు ఉన్నప్పుడే నడిపి చూడాలి. తేడా ఉంటే మళ్ళీ పైకి లాగాలి. అందుకే నేను ఏ చేనికి ఎన్ని గంటలకు పోతానో, రైతు అక్కడ ఎన్ని గంటలకు ఉండాలో ముందే రాసిపెట్టేవాణ్ణి. షాపుకు వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "శానా పద్ధతిగుండాదప్పా నీ పని" అనేవాళ్ళు. ఆ మాట నాకు బాగా నచ్చేది.

ఒక ముసలాయన మాత్రం అనలేదు. మైదుకూరు దోవలో ఆయనకు వరిమడి ఉండేది. బోర్డు ముందు నిలబడి చాలాసేపు చదివాడు.

"ఇదేందబ్బీ, పెండ్లి ముహూర్తం మాదిరి గంటలు రాసినావు?"

"కరెంటు టైము మామా."

"కరెంటుది రాసుకో. మనిషిది ఎందుకు రాస్తావు?"

"మనిషి లేకుంటే పంపు ఎవరు పట్టుకుంటారు మామా?"

ఆయన నవ్వి, బొటనవేలు నాలుకకు అద్దుకుని, తన చేనికి ఎదురుగా ఉన్న టైము ఒక్కటే తుడిచేశాడు. "నాకు వీలైనప్పుడు నేను వస్తా. నీకు వీలైనప్పుడు నువ్వు రా" అని వెళ్ళిపోయాడు. చదువు లేని మొండితనం అనుకున్నాను. ఆయన సందు మలుపు తిరిగాక మళ్ళీ రాశాను.

మా వైపు ఊళ్ళలో ఎవరూ నేర్పకుండానే అందరూ పాటించే కట్టుబాటు ఒకటుంది. ఏదో ఒక వర్గంలో తిరిగే మనిషి తను ఎప్పుడు బయలుదేరుతాడో చెప్పడు. ప్రొద్దుటూరుకు పోయేవాడు మైదుకూరుకు పోతున్నానంటాడు. ఒక దోవన పోయి ఇంకో దోవన వస్తాడు. పెళ్ళికి ముహూర్తం దాటాక వచ్చి, భోజనాల బంతి లేవకముందే వెళ్ళిపోతాడు. ఎప్పుడు పోతావని అడిగితే, చూద్దాంలే అన్నట్టు "చూడల్ల" అంటాడు. ఎదురు వర్గానికి తన వేళ తెలియకూడదు, అంతే. ఏ గుంపుతోనూ సంబంధం లేకుండా గొర్రెలు మేపుకునే మా నాయన కూడా "చూడల్ల" అనేవాడు. చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నా అది ప్రాణాలు కాపాడే పద్ధతని నాకు తట్టలేదు. కాలేజీలో దానికి ఎదురు నేర్చుకున్నాను: రాయని పని చేయని పనితో సమానం.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలు దగ్గర పడ్డాయి. పెన్న ఒడ్డున ఒక ఊరి నుంచి నా దగ్గరికి వచ్చే రైతు ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. గట్టిగా నవ్వే మనిషి. ఆయన ఒక పార్టీ నాయకుని వెంట తిరిగేవాడని నాకు తెలుసు. ఎంత లోతుగా తిరిగేవాడో అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాలిపోయిన ఆయన మోటారుకు కొత్త రాగి తీగ చుట్టడం పూర్తయింది. సోమవారం బోర్డు మీద ఆయన ఊరు, పడమటి చేను, పంపు దించడం, గురువారం ఉదయం ఏడు గంటలు అని రాశాను.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒకడు ఫ్యాను కెపాసిటర్ కావాలన్నాడు. నేను వెతుకుతుంటే రెండోవాడు బోర్డు చదువుతూ నిలబడ్డాడు.

"ఈ చేన్లకన్నిటికీ నువ్వే పోతావా?"

"నేనే పోతానన్నా."

"టైముకు పోతావా, ఊరికే రాసినావా?"

"పది నిమిషాలు అటూ ఇటూ, అంతే" అన్నాను గర్వంగా.

గురువారం మోటారు ఎక్కించుకున్న ఆటోకు దోవలో పంచరైంది. చేనికి ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరాను. బోరు దగ్గర ఎవరూ లేరు. ఒక చెప్పు పడి ఉంది. టిఫిన్ క్యారియర్ మూత ఊడి, అన్నం మట్టిలో కలిసింది. వేరుశనగ సాళ్ళు అడ్డంగా నలిగి గట్టు దాకా ఒక చార కనిపించింది. దూరంగా రోడ్డు మీద ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. ట్రాక్టరు మీద ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయారని, వేటకొడవళ్ళతో వచ్చినవాళ్ళు సరిగ్గా ఏడింటికే వచ్చారని, ఇంకా కొన ఊపిరి ఉందని ఎవరో చెప్పారు.

నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఆటోకు పంచరు కాకుంటే నేనూ ఇక్కడే ఉండేవాణ్ణి కదా అన్న లెక్క. రెండో ఆలోచన మోటారును బోరు దగ్గరే దింపి తిరిగి వచ్చేటప్పుడు, ఊరి పొలిమేర దాటాక వచ్చింది: ఏడు అని రాసింది నేను.

షాపుకు వచ్చి తడిగుడ్డతో బోర్డును రెండుసార్లు తుడిచాను. పదకొండు గంటలకు పోలీసులు వచ్చారు. ఆ వేళకు ఆయన చేనిలో ఉంటాడని ఎవరెవరికి తెలుసని అడిగారు. ఆయనకు, ఆయన భార్యకు, నాకు అని చెప్పాను. బోర్డు సంగతి, ఆ ఇద్దరి సంగతి చెప్పలేదు. వాళ్ళు రాసుకుని వెళ్ళారు. సాయంత్రానికి షాపుకు తాళం వేసి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

ప్రొద్దుటూరులో మా అక్క ఇల్లు. బావ బట్టల అంగట్లో పని చేసేవాడు. వాళ్ళ మేడ మీది గదిలో ఏడు నెలలున్నాను. ఆ మనిషి బతికాడని, కుడిచేతి రెండు వేళ్ళు పోయాయని, ఎడమకాలు సరిగ్గా పనిచేయదని పదో రోజున తెలిసింది. ప్రాణం నిమ్మళించింది గానీ భయం తగ్గలేదు. నా భయానికి రెండు వైపులుండేవి. ఆయన మనుషులకు బోర్డు సంగతి తెలిస్తే, నేనే ఆయన్ను పట్టిచ్చానంటారు. నరికినవాళ్ళకైతే నేను వాళ్ళ మనుషుల ముఖాలు చూసిన సాక్షిని. ఇద్దరిలో ఎవరు ముందు వస్తారా అని రోజంతా ఎదురు చూసేవాణ్ణి. వీధిలోకి జీపు వస్తే దాని శబ్దం ఎక్కడ ఆగుతుందో వినేదాకా ఊపిరి పీల్చేవాణ్ణి కాదు. కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాను. పాలకు పోవాలన్నా రోజుకొక సందు మార్చేవాణ్ణి.

"ఏం బావమరిదీ, పాలకు పొయ్యేదానికి గూడా రూట్ మ్యాపు గీసుకుంటాండావా?" అన్నాడు బావ ఒకరోజు.

"వాన్ని కెలకొద్దంటి గదా" అంది అక్క.

"కెలక్కపోతే గోడకు సున్నం మాదిరి అంటుకుపోతాడు. మిక్సీ రిపేరుకొచ్చి నెలాయ. ఇంజనీరును ఇంట్లో పెట్టుకొని రోట్లో రుబ్బుకుంటాండాం."

అక్క నవ్వింది. నేను నవ్వలేదు. మిక్సీ విప్పాలంటే స్క్రూడ్రైవరు పట్టుకోవాలి. పట్టుకుంటే చేయి వణుకుతుంది, ఆ వణుకు వాళ్ళు చూస్తారు. అందుకే ముట్టుకోలేదు.

మళ్ళీ పని మొదలుపెట్టడానికి కారణాలు ఒక కాగితం మీద రాసుకున్నాను. నాకు తెలిసిన దారి అదొక్కటే. పిరికివాడని జమ్మలమడుగులో అనుకుంటున్నారు, వాళ్ళకు చూపించాలి. చదివిన చదువు వృథా కాకూడదు. నాతో చదివినవాళ్ళు ముందుకు పోతున్నారు. బావ ముందు తలెత్తుకోవాలి. మొత్తం తొమ్మిది రాశాను. ఒక్కొక్కటి చదువుకుంటే ఛాతీ పొంగేది. రేపే బస్సెక్కాలనిపించేది. అంతలో కింద జీపు ఆగేది. మిగిలేది వీపు మీద చెమట. తొమ్మిది కారణాలలో ఏ ఒక్కటీ జీపు శబ్దానికి నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో కొన్ని రోజులు ఆలోచించాను. అన్నీ నన్ను ఎవరో చూడాలని కోరే కారణాలే. నాకేమో ఎవరి కంటా పడకపోతే చాలు.

వేసవి మొదట్లో తొండూరు పక్క మా ఊరి నుంచి నాయన వచ్చాడు. మేడ ఎక్కి, గది చూసి, చాప మీద కూర్చున్నాడు.

"కూచునేదానికి ఈడైతే ఏంది, ఆడైతే ఏంది. ఆడ గొర్రెలన్నా పలకరిస్తాయి" అన్నాడు.

"ఎప్పుడు పోదాం నాయనా?"

"చూడల్ల" అన్నాడు. అరగంటకు లేచి పద అన్నాడు.

మా ఊళ్ళో పక్క చేనివాళ్ళ బోరు మోటారు అంతకుముందు రోజే కాలిపోయింది. దాని కింద బత్తాయి చెట్ల చీనీతోట, తోట అంచున గొర్రెల తొట్టి. మా గొర్రెలూ ఆ తొట్టిలోనే తాగేవి. పులివెందులకు మోటారు తీసుకుపోతే వారం పడుతుందన్నారట. నాయన నన్ను చెయ్యమని అడగలేదు. మోటారు తెచ్చి పంపు షెడ్డులో నా ముందు పెట్టాడు. "చూస్తే చూడు, ల్యాకుంటే రేపు ఆటోకు ఏస్తాం" అని గొర్రెల వెంట పోయాడు.

విప్పాను. కాలిన తీగ తీసి చుట్లు లెక్కపెట్టి రాసుకున్నాను. తీగ, సామాన్లు నాయన పులివెందుల నుంచి తెప్పించాడు. షెడ్డుకు ఒకటే తలుపు. దానికి ఎదురుగా, వీపు గోడకు ఆనించి కూర్చున్నాను. కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాక దోవలో ఏదో జీపు పోయింది. అది దూరమయ్యేదాకా వింటూ కూర్చుంటే లెక్క తప్పింది. ఇరవై మూడో, ఇరవై నాలుగో తెలియలేదు. ఒక్క చుట్టు తక్కువైనా మోటారు వేడెక్కుతుంది. చుట్టిందంతా విప్పి ఒకటి నుంచి మొదలుపెట్టాను. అట్లా మూడుసార్లు విప్పాను. నాలుగోసారి కాయిల్ పూర్తయింది. తర్వాతిదీ పూర్తయింది. తలెత్తి చూస్తే షెడ్డు నీడ గట్టు దాకా పోయింది. ఆ రెండు గంటలు నేను భయపడలేదని అప్పుడు తెలిసింది. తెలియగానే భయం మళ్ళీ వచ్చింది. కానీ రెండు గంటలు లేకుండా ఉందన్నది కొలిచి చూసుకున్న సంగతి.

మూడో రోజు పంపు నడిచింది. తొట్టి సగం నిండకముందే గొర్రెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ మూతులు పెట్టాయి. వాటికి నేను పిరికివాణ్ణో కాదో అక్కర్లేదు. నేను ఎందుకు పని చేశానో అక్కర్లేదు. నీళ్ళు కావాలి, నాకు తెప్పించడం వచ్చు. నా కాగితంలో ఈ కారణం లేదు, ఎందుకంటే దీన్ని కారణమని కూడా అనుకోలేదు. ఆ రోజు నుంచి పెద్ద నిర్ణయాలేవీ తీసుకోలేదు. ముందున్న ఒక్క మోటారు. అది అయ్యాక ఇంకొకటి వస్తే చూద్దాం. ధైర్యం వచ్చాక పని మొదలుపెడదామని ఏడు నెలలు కూర్చున్నాను. పని చేస్తుంటే ధైర్యం వస్తుందని ఇప్పటికీ అనను. భయానికి కూర్చునే చోటు కొంచెం తగ్గుతుంది, అంతే.

నాలుగు నెలల తర్వాత పులివెందులలో షాపుకు ఒక గది అద్దెకు తీసుకున్నాను. పైన పేరు రాయించలేదు. చీనీతోటలకు నీళ్ళు కట్టే కాలం గనుక మోటార్లు వాటంతట అవే వచ్చాయి.

ఒకరోజు ఆటోలో ఒక ఆమె మోటారు వేసుకుని వచ్చింది. దిగిన మనిషిని చూడగానే గుర్తుపట్టాను. పెన్న ఒడ్డు రైతు భార్య.

"యాడుండావో కనుక్కునేదానికి శానా కష్టమాయప్పా" అంది. "నువ్వు పోయినంక ఇద్దరి కాడ చేపిస్తిమి. రెండుసార్లూ కాలిపాయ. నీతోనే చుట్టించుకొని రమ్మన్యాడు."

"అన్న ఎట్లుండాడు?"

"ఉండాడు. కట్టె పట్టుకొని నడుస్తాడు. ఎడమచేత్తో తింటాడు." మోటారుకు కట్టిన తాడు విప్పింది. "ఒక్కసారన్నా చూసేకి రాకపోతివే. నీ కోసరమే కదా ఆ పొద్దు ఆడ కాసుకోనుండె."

నేను మోటారు దింపుకునే నెపంతో వంగాను.

నాలుగు రోజులు పట్టింది చుట్టడానికి. అప్పుడు గమనించాను, అవసరం లేని చోట కూడా ఇన్సులేషన్ కాగితం రెండు పొరలు వేస్తున్నాను, చూసిందే చూస్తున్నాను. గొర్రెల తొట్టి మోటారు చుట్టినట్టు చుట్టడం లేదు. జరిమానా కట్టినట్టు చుడుతున్నాను. ఈ మోటారును ఆటోలో పంపేసి ఊరుకుంటే, ఆ తర్వాత చుట్టే ప్రతి మోటారూ దాక్కుని చుట్టిందే అవుతుందని అర్థమైంది. ఎవరికీ చెప్పకుండా నేనే బయలుదేరాను. ఏ రోజో, ఏ వేళో నాయనకు కూడా చెప్పలేదు.

పెన్న ఒడ్డు చేనిలో ఆ రైతు పంపు షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. ఆ నవ్వు లేదు. ఆయన తమ్ముళ్ళ వరస వాళ్ళు ఇద్దరు గొలుసు పట్టుకుంటే పంపు దించాం. స్టార్టరు నొక్కాను. నీళ్ళు మొదట ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. ఆ ఇద్దరూ కాళ్ళు చేతులు కడుక్కోవడానికి కాలవ దగ్గరికి పోయారు. ఆయన, ఆయన భార్య, నేను మిగిలాం. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

"అన్నా, ఆ పొద్దు నువ్వు ఈడ ఏడు గంటలకుంటావని నా బోర్డు మీద రాసింటి. ముందురోజు ఇద్దరొచ్చి చదువుకొని పోయినారు. టైముకు పోతానని నేనే చెప్తి. పోలీసులకు చెప్పలేదు. బోర్డు తుడిచేస్తి."

ఆయన నా వైపు చూశాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎట్లుండ్రి ఆ ఇద్దరు?" అన్నాడు ఆయన, మెల్లగా.

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. తిడతాడు, కొట్టిస్తాడు అనుకున్నాను. నాకు అంతా గుర్తుంది. ఒకని చొక్కా రంగు, రెండోవాని చెవి దగ్గర మచ్చ, మోటారుసైకిలు నంబరులో చివరి రెండంకెలు. నోరు తెరిస్తే చాలు, వరసగా వస్తాయి. వాటితో ఇంకొక చేనిలో ఇంకొక మనిషి కోసం ఎవరో కాపు కాస్తారు. దానికీ కావలసిన వివరాలు నేనే ఇచ్చినవాణ్ణవుతాను.

"నీకు చెప్పనన్నా" అన్నాను. "పోలీసులకు చెప్తా. నీకు మాత్రం చెప్పను."

"పోలీసులకు చెప్తే నువ్వు చెప్పినావని వాళ్ళకు రేపే తెలుస్తాది. తెలుసా నీకు?"

"తెలుసు."

"నాకు చెప్తే ఎవ్వరికీ తెలీదు."

నేను తల అడ్డంగా ఊపాను. కాలవ వైపు నుంచి ఆయన తమ్ముళ్ళిద్దరూ వస్తున్నారు. ఆయన వాళ్ళను చూశాడు, నన్ను చూశాడు. ఒక్క కేక వేస్తే నా పని అయిపోతుందని మా ముగ్గురికీ తెలుసు.

"ఇంగ చాలు" అంది ఆయన భార్య, ఆయనతో. "ఒక చెయ్యి ఇచ్చినావు. ఇంకా ఏం ఇయ్యల్లనుకుంటాండావు? నాకు మడికి నీళ్ళు కట్టల్ల."

పార తీసుకుని ఆమె కాలవ తెంచడానికి పోయింది. ఆయన కట్టె ఆనించి లేచాడు.

"పో అబ్బీ. మోటారు కాలితే నీ కాడికే పంపిస్తా. నువ్వు మాత్రం ఈ పక్కకు రావద్దు. మావోళ్ళలో ఇది తెలిసేది మా ఇద్దరికే. అట్లనే ఉండనీ."

గట్టు మీద నడుస్తున్నంతసేపూ వెనక అడుగులు వినిపిస్తున్నట్టే ఉంది. తిరిగి చూడలేదు. జమ్మలమడుగులో దిగి నేరుగా పోలీసు స్టేషనుకు పోయాను. అధికారి లేడు, వచ్చేదాకా కూర్చోమన్నారు. బెంచీ మీద కూర్చున్నాను. లేచి వెళ్ళిపోదామని ఎన్నిసార్లు అనిపించిందో లెక్క పెట్టలేదు. అధికారి వచ్చాక అంతా చెప్పాను. బోర్డు తుడిచిన సంగతితో సహా. ఆయన నన్ను తిట్టి, రాసుకుని, సంతకం పెట్టించుకున్నాడు. మా వైపు చాలా కేసుల మాదిరే ఆ కేసు కూడా తర్వాత రెండు వర్గాల రాజీతో ముగిసింది. కానీ ఆ రోజు నాకు అది తెలియదు. నా సంతకం సంగతి రెండు మూడు రోజుల్లో ఎవరి చెవిన పడుతుందో అన్నదొక్కటే తెలుసు.

మరుసటి రోజు పులివెందులలో షట్టరు నడుము ఎత్తు వరకే లేపి, వంగి లోపలికి దూరి, పనికి కూర్చున్నాను. బయటి నుంచి చూస్తే నా పాదాలు తప్ప కనిపించవు. మూడు మోటార్లు వచ్చి ఉన్నాయి. మొదటిదానికి తీగ ముందే చుట్టి ఉంది, దాని మీద వార్నిష్ పూశాను. ఎండ పెరిగే కొద్దీ ఆ వాసన గదంతా నిండింది, కళ్ళు మండాయి, తల తిరిగింది. ఇంకాసేపు ఓర్చుకున్నాను. తర్వాత లేచి, షట్టరు మిగతా సగం కూడా పైకి లేపాను.